ఫారం వెనకపేజీ

సీసమంటే నాకు పద్యమే.
పదో తరగతిల గణాలు తప్పి
రెండు మార్కులు పోయినయి దానికాడనే.
జడ్చర్ల దవఖానల రెండురోజుల ట్రైనింగుల తెలిసింది,
అది పిల్లల నెత్తుర్ల గూడ నడుస్తదని.
యతి లేదు, ప్రాస లేదు,
చప్పుడే ఉండదని.

ఫారాలిచ్చిన్రు.
పేరు, వయసు, తల్లి పేరు,
కిందకొస్తే ఒకటే గడి:
సీసం ఎంత?

పట్టాలవతల జహంగీర్ బ్యాటరీల దుకాణం.
ఆశన్న ఆడ పాతవి పగులగొడ్తడు.
పొద్దుమూకి ఇంటికొచ్చి
అదే అంగీతోని కొడుకునెత్తుకుంటడు.
పొద్దంతా తొవ్వ చూసిన పోరడు
అంగి ఇడ్సేదాంక ఆగుతడా?

కురుమన్నకు నాలుగేండ్లు.
వేలికి సూది గుచ్చితే ఏడ్వలే.
బొట్టును చూసిండు, నన్ను చూసిండు.
ఇరవై ఆరు.

చెప్పినయన్నీ చేసింది అలివేల.
మొగని అంగి దుకాణంలనే ఇడిపించింది.
పొడి చీపురు మాని తడిబట్ట పట్టింది.
తలుపుకు పెచ్చులూడే పాత పచ్చరంగును
గోకొద్దంటే గోకలే,
మీదికెల్లి అట్టముక్క కొట్టింది.
గుడ్డు, పల్లిపట్టి, ఆకుకూర,
అప్పుకు తెచ్చిన పాలు.

మూడు నెలలకు పదిహేను.
గడి నింపిన. మేడం సంతకం పెట్టింది.
"మంచిగ తగ్గింది" అన్నది.

అంకె తగ్గింది.
దగ్గు తగ్గలే.

ఒకనాడు మాపటిజాము పోతే
పోరని ఎదల సన్నటి ఈల,
దూరం గేటుకాడ రైలు ఆగినట్టు.
పండుకున్నోడు కండ్లు తెరిచి అడిగిండు:
"అక్కా, మా ఇంటికి గూడ సూదేస్తవా?"
నవ్విన.
నవ్వుకుంటనే గోడకు వేలు పెట్టిన.
గోరు సగందాంక దిగింది.

ఆడనే కూసున్న. ఫారం తిప్పిన.
వెనకపేజీ తెల్లగున్నది. రాసిన:

పొయ్యికాడ కిటికి లేదు, పొగ పండుకునే అర్రలకే వస్తది.
రేకు మూడు తావుల కారుతది, ఒక తావు మంచం మీద.
స్విచ్చుబోర్డుకు మూత లేదు,
దాని కిందనే పెద్దబిడ్డ ఎక్కాలు రాసుకుంటది.
నీళ్ల డ్రమ్ముకు మూతున్నది, పగిలింది.
గోడ చెమ్మ పట్టిందంటే ఓనరు
రంగు డబ్బ పంపిండు.
డబ్బమీద అక్షరాలు శానా సన్నయి,
దాంట్ల ఏం కలిసిందో చదువరాలే.

రాస్తుంటే మా ఇల్లు యాదికొచ్చింది.
అది రాయలే.

మేడం పేజీ తిప్పి చూసింది.
"ఇండ్లు మన స్కీంల రావమ్మా,
దానికి వేరే ఆఫీసున్నది."
"పిల్లగాడు మన స్కీంల ఉన్నడు గద మేడం.
ఆడు ఇంట్లనే ఉంటడు."
ఆమె ఏమనలే.
పెన్ను మూత పెట్టింది, మల్ల తీసింది.
"మూడు జిరాక్సులు తీయించు" అన్నది.

అన్నీ కాలే.
లైన్‌మెన్ వచ్చి బోర్డుకు మూతేసిండు.
ఆశన్న, ఇంకో మేస్త్రీ గలిసి
పొయ్యిమీద గోడకు కంత పెట్టిన్రు.
ఎలుగు పడ్డంక గాని తెలియలే
ఆ గోడ ఎంత నల్లగున్నదో.
అలివేల కొంగు నోటికడ్డం పెట్టుకుని
శానాసేపు దాన్నే చూసింది.
కిటికి చూసిన ఓనరు
కిరాయి రెండొందలు పెంచిండు.
రేకు ఇంక ఒక తావు కారుతనే ఉన్నది,
మంచం జరిపిన్రు.

ఈల?
కొన్ని రాత్రులు ఉండదు.

మొన్న కొత్త ఫారాలొచ్చినయి.
సీసం గడి కింద
ఒక మాట అచ్చేసిన్రు: ఇల్లు.
దాని పక్కకు చుక్కలు.
లెక్కపెట్టిన, ముప్పై ఒకటి.
సన్నగ రాస్తే
రెండు గోడలు పట్టొచ్చు.